వంగితేనే కనిపించే పూలు

ఆగస్టు ఆఖరి ఆదివారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున్నే, ఇంకా పళ్ళు కూడా తోముకోకముందే ఎదురైంది. పక్కింటి పెరట్లో ఆకుపచ్చ వల కట్టిన షెడ్డు ఉంది. అందులో ఒక నల్ల ప్లాస్టిక్ కుండీలో మొగ్గ కనిపించింది. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. నూగు మొలిచిన సన్నటి కాడ చివర తల వంచుకుని ఉంది. ఈ మొగ్గ కోసం ఏళ్ళుగా ఎదురుచూసిన మనిషి, మా పక్కింటి ఆంటీ, ఈ నెల మొదట్లో చనిపోయారు.

ఆ కబురు మా వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పెర్త్‌లో ఉండే వాళ్ళబ్బాయి ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాడు. అమ్మ అప్పుడు నాన్న లంచ్ బాక్సులో పెరుగన్నం పెడుతోంది. చదివి, గరిటె పక్కన పెట్టి, నేరుగా పెరట్లోకి వెళ్ళి చెక్క కంచె దగ్గర నిలబడింది. అవతల ఎవరూ లేరని తనకి తెలుసు. ఆంటీ ఆస్పత్రిలో చేరి అప్పటికే చాలా రోజులైంది. అయినా కాసేపు అక్కడే నిలబడింది.

మీలో చాలామంది ఆంటీని చూసే ఉంటారు. క్రెయిగీబర్న్ నుంచి కేరమ్ డౌన్స్ గుడికి వెళ్ళే కార్లలో ఎవరిదో ఒకరి వెనక సీట్లో, చలికాలమంతా మంకీ టోపీ పెట్టుకుని కూర్చునే పొట్టి మనిషి ఆవిడే. ప్రసాదం వరసలో నిలబడి ముందున్న పిల్లలని, "ఇయ్యాల ఏం పువ్వు చూసినవ్‌రా?" అని అడిగేవారు. పిల్లలు ఇంగ్లీషులో రోజ్ అనేవారు, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి. "అది కొన్న పువ్వు. చూసిన పువ్వు చెప్పు" అనేవారు ఆంటీ. వాళ్ళు బిక్కమొహం వేసుకుని అమ్మల వంక చూసేవారు. వాళ్ళలో కొందరైనా ఆ మర్నాడు బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు నేల వంక చూసి ఉంటారని నా నమ్మకం. నేను చూశాను కాబట్టి.

మేము ఈ ఇంట్లోకి దిగిన వేసవికి నేను ఏడో తరగతిలో ఉన్నాను. సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. అమ్మకి మాత్రం పాలు తోడు పెట్టుకోవాలన్నదే పెద్ద దిగులు. షాపు పెరుగుతో తోడుకున్నది పెరుగే కాదని ఆమె వాదన. పక్కింటి బయట ముగ్గు కనిపించేసరికి ధైర్యం చేసి కంచె మీంచి పిలిచింది. ఆంటీ చిన్న స్టీలు గిన్నెలో తోడు తెచ్చి ఇచ్చారు. అప్పుడు ఆవిడ వెనక షెడ్డులో వరసలు వరసలుగా కుండీలు కనిపించాయి. అన్నిటిలోనూ ఎండిన మట్టి, దాని మీద పైన్ ఆకుల్లాంటి గోధుమరంగు పుల్లలు. ఒక్క పచ్చటి ఆకు లేదు.

ముసలావిడ, ఒక్కతే ఉంటోంది, పాపం మొక్కలకి నీళ్ళు పోయలేకపోతోందని అమ్మ అనుకుంది. రోజూ సాయంత్రం వచ్చి నేను పోస్తానండీ అంది.

"పొయ్యకు తల్లీ" అన్నారు ఆంటీ. "అవి ఎండిపోలే. పండుకున్నయి. వేసవిల లేపితే మురిగి చస్తయి."

ఆ తర్వాత నన్ను పిలిచి ఒక కుండీలో మట్టిని వేలితో కొంచెం తప్పించి చూపించారు. లోపల తెల్లటి చిన్న దుంప, బఠాణీ గింజంత. అంతే చూపించి మళ్ళీ దుప్పటి కప్పినట్టు మట్టి సర్దేశారు. ఇవి ఈ దేశపు నేల ఆర్కిడ్లట. మనం ఫ్లోరిస్టు దగ్గర చూసే ఆర్కిడ్లలా పెద్దవీ కావు, చెట్టు కొమ్మలు పట్టుకుని పెరిగేవీ కావు. వేసవంతా మట్టి కింద నిద్రపోయి, ఇక్కడి శరదృతువు, అంటే ఏప్రిల్ వానలకి లేచి, చలిలో ఆకు వేసి, చలికాలం మధ్య నుంచి వసంతం దాకా పూస్తాయి. లోకమంతా పచ్చగా ఉన్నప్పుడు కాక, మనందరం హీటరు ముందు కూర్చున్నప్పుడు పనిచేసే మొక్కలు. అందుకే నాకు వెంటనే నచ్చాయేమో. స్కూల్లో అప్పటికి నాకు స్నేహితులు లేరు. చలికాలం సెలవుల్లో నేనూ హీటరు ముందే ఉండేదాన్ని.

ఆంటీకి ఈ పిచ్చి ఎలా పట్టిందో ఆవిడే చెప్పేవారు, ప్రతిసారీ కొంచెం మార్చి. ఆవిడది వరంగల్ దగ్గర. ఇక్కడ ఒక ఆస్పత్రి లేబొరేటరీలో చాలాకాలం పనిచేశారు. అంకుల్ పోయాక డాక్టరు రోజూ నడవమన్నాడట. ఒకరోజు యూకలిప్టస్ చెట్ల మధ్య దారిలో నడుస్తుంటే, తెల్లజుట్టు వాళ్ళు కొందరు మోకాళ్ళ మీద కూర్చుని ముఖాలు నేలకి ఆనించి ఉన్నారు. ప్రార్థన అనుకుని ఆంటీ మర్యాదగా ఆగారు. ఎంతకీ లేవకపోయేసరికి ఎవరిదో చెవికమ్మ పడిపోయి ఉంటుందని తేల్చుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, తానూ కూర్చుని వెతకడం మొదలుపెట్టారు. పక్కనున్న పెద్దాయన గుసగుసగా, కనిపించిందా అని అడిగాడు. లేదు, బంగారందా అని అడిగారు ఆంటీ. ఆయన నవ్వి వేలు పెట్టి చూపించాడు. ఎండుటాకుల మధ్య, ఆకుల రంగులోనే, ముసుగు వేసుకున్న చిన్న ఆకుపచ్చ పువ్వు. దాన్ని ఒకసారి చూశాక చుట్టూ చూస్తే, అలాంటివి ఆ చోటంతా ఉన్నాయట. తాను అప్పటిదాకా వాటి మధ్యే కూర్చుని ఉన్నారు.

"వంగకుంటే కనపడయి. వంగినంక దాక్కోలేవు" అని కథ ముగించేవారు. ముగింపు మాత్రం ఎప్పుడూ మారలేదు.

ఆ పెద్దాయన ఆర్కిడ్లు పెంచే క్లబ్బు మనిషి. ఆంటీ ఆ వారమే అందులో చేరారు. అడవిలోంచి ఒక్క మొక్క కూడా తవ్వి తేకూడదన్నది క్లబ్బులో మొదటి నియమం. ఆంటీ దగ్గరున్నవన్నీ సభ్యులు తమ కుండీల్లో పెంచి పంచుకున్న దుంపలే. వాటిని మార్చి నాటే వేసవి రోజుల్లో నేను సాయం వెళ్ళేదాన్ని. కుండీ బోర్లించి, మట్టి వేళ్ళతో విడదీసి, దుంపలు ఏరి, ముతక ఇసుకా కుళ్ళిన ఆకులూ కలిపిన కొత్త మట్టిలో పెట్టాలి. ప్రతి కొత్త కుండీలోనూ పాత మట్టి ఒక గుప్పెడు వేసేవారు ఆంటీ. ఆ మట్టిలో కంటికి కనిపించని బూజు ఉంటుందట. దాని సాయం లేకపోతే ఈ జాతి విత్తనం మొలవనే మొలవదు. విత్తనం ధూళి అంత చిన్నది, తన తిండి తాను తెచ్చుకోలేదు. మీ అమ్మ పాలల్ల పెరుగు చుక్క ఏస్తది చూడు, అట్లనే ఇది కూడ అనేవారు. నాకు సైన్సు టీచరు చెప్పినదానికంటే అదే ముందు అర్థమైంది.

ఆవిడ అలవాట్లు కొన్ని ఇప్పటికీ నా చేతులకి ఉన్నాయి. కుళాయి నీళ్ళు వద్దు, వాన నీళ్ళే. ఎరువుల దుకాణం వైపు వెళ్ళొద్దు, ఈ నేల పేదది, దీని మొక్కలు పేదగానే పెరిగాయి. పొద్దున్నే నత్తలని ఏరాలి. ఏరిన వాటిని ఆంటీ చంపలేక మాగ్‌పై పిట్టలు తిరిగే చోట పెట్టి, ఇక మీ మీ అదృష్టం అని వాటికి చెప్పి వచ్చేవారు. పెరుగు డబ్బాల ప్లాస్టిక్కు కత్తిరించి పేర్ల చీటీలు చేసేవారు. వాటి మీద రాసే పని నాది.

ఆ రాతే నాకు తెలుగు నేర్పింది. క్లబ్బు వాళ్ళు లాటిన్ పేర్లు రాసుకుంటారు. ఆంటీ వెనకవైపు తెలుగు పేరు కూడా ఉండాలన్నారు. తెలుగు పేర్లు లేవు కాబట్టి ఇద్దరం కూర్చుని పెట్టాం. ముసుగు పువ్వు. గాడిద చెవుల పువ్వు. ఎండ బాగా కాస్తే తప్ప విచ్చుకోనిది ఎండ పువ్వు. పొడవాటి సన్నటి రేకలు కాళ్ళలా చాపుకున్నది సాలీడు పువ్వు. నా అక్షరాలు మొదట్లో వంకరగా ఉండేవి. గుడి కాడ రాయించుకున్న తాయెత్తులెక్క ఉన్నదే అని నవ్వేవారు, కానీ చెరిపి మళ్ళీ రాయమనేవారు కాదు. ఒకసారి ఆవిడ తన జుట్టులోంచి ఒక వెంట్రుక పీకి, దాని కొసతో ముసుగు పువ్వు లోపలి నాలుకని తాకారు. అది టక్కున లోపలికి ముడుచుకుంది. దోమలాంటి చిన్న పురుగు వచ్చి వాలితే అలా బందీ అవుతుందట, బయటికి పోయే దారిలో ఒంటికి పుప్పొడి అంటుకుంటుందట. నాకు పువ్వు కంటే ముందు ఆ మాట మీద ప్రేమ పుట్టింది. పుప్పొడి. ఆ రోజు స్కూలు బస్సులో కిటికీకి నుదురు ఆనించి, పెదాలు కదలకుండా, దిగేదాకా ఆ మాటే అనుకున్నాను.

ఇక సాలీడు పువ్వు సంగతి. అన్నిటిలోకీ మొండిది అదే. ముసుగు పూలు కుండీ నిండా పిల్లలు పెడతాయి. సాలీడు పువ్వు ఏడాదికి ఒక ఆకు వేసి, ఒక దుంప చేసుకుని, నచ్చకపోతే అదీ మానేస్తుంది. ఆంటీ దగ్గర దానివి రెండే మొక్కలు, ఒకే కుండీలో. ఏళ్ళపాటు ఆకులే. నేను తొమ్మిదో తరగతిలో ఉన్న వసంతంలో రెండూ మొగ్గ తొడిగాయి. ఒకటి విచ్చుకుంది. క్రీము రంగు రేకలు, మధ్యలో ఎర్రటి నాలుక. వాన సూచన లేదని, కాస్త ఎండ తగలాలని ఆంటీ ఆ కుండీని షెడ్డులోంచి తెచ్చి కంచె పక్కనున్న బల్ల మీద పెట్టారు.

ఆ వసంతంలోనే మా అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చింది. తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, పూజకి పూలు కోయడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. వాళ్ళ వీధిలో ఎవరి పెరటి పూలైనా చేతికి అందినవి దేవుడివే. ఎవరూ ఏమీ అనుకోరు, కోయకపోతేనే అడుగుతారు, నిన్న ఎందుకు రాలేదూ అని. మా పెరట్లో గడ్డీ నాన్న బార్బెక్యూ పొయ్యీ తప్ప ఏమీ లేవు. కంచెలో ఒక చెక్క ఊడి వేలాడుతుండేది. అమ్మమ్మ చెయ్యి అందులోంచి పట్టింది.

నేను లేచి వచ్చేసరికి దీపం వెలుగుతోంది. శివుడి పటం ముందు ఆ పువ్వు. అమ్మకి చెప్పాలో ఆంటీకి చెప్పాలో తేల్చుకునేలోపే ఆంటీ ముందు తలుపు దగ్గర ఉన్నారు. మంకీ టోపీ లేదు. కంచె పక్కన కుండీలో ఆ పువ్వుకి కాడ మాత్రమే మిగిలి ఉండటం చూసి, చెక్క ఊడిన వైపు చూసి, ఆవిడకి అర్థమైపోయినట్టుంది.

అమ్మమ్మ సంబరంగా లోపలికి పిలిచింది. "రామ్మా. ఇదిగో, మీ గోడ పక్కన పూసింది, ఎంత విచిత్రంగా ఉందో. సాలీడు లాగా ఉంది, మా శివయ్యకైతే ఏవన్నా ఇష్టమేగా."

ఆంటీ పటం ముందు నిలబడి ఆ పువ్వుని చూస్తూ ఉండిపోయారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, సంగతి గ్రహించి, ముఖం తెల్లబోయి, క్షమించమని అడగబోయింది. ఆంటీ చేత్తోనే ఆపారు.

"పెద్దమ్మా, ఆ పువ్వు ఒక్కసారి నాకిస్తరా? పుప్పొడి తీసుకుంట. ఇంకోటి రెండు మూడు దినాలల్ల పూస్తది, దానికి పెడత."

అమ్మమ్మకి పుప్పొడి సంగతి పట్టలేదు. పట్టింది ఒక్కటే. "దేవుడికి పెట్టిన పువ్వుని మధ్యలో తీస్తారామ్మా? దీపం వెలుగుతుండగా?"

అమ్మమ్మ తప్పు చేసిందని అమ్మ చెప్పబోతే ఆంటీ ఒప్పుకోలేదు. ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "దీపం కొండెక్కేదాక కూసుంట. తర్వాత మీరే తీసియ్యిండ్రి" అన్నారు.

అమ్మమ్మ ఆ రోజు ప్రమిదలో నూనె నిండుగా పోసింది. నేను స్కూలుకి వెళ్ళనన్నాను, ఎవరూ వెళ్ళమనలేదు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆంటీ తాగారు. మధ్యలో అమ్మమ్మ అడిగింది, అసలేమిటి ఆ పువ్వు అని. ఆంటీ చెప్పడం మొదలుపెట్టారు. మట్టి కింద నిద్ర, కనిపించని బూజు, ధూళిలాంటి విత్తనం, ఏళ్ళపాటు ఆకులు. కోసినందుకు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అమ్మమ్మని కుదిపేసిందనుకుంటాను. మెల్లగా ఆమె మాటలు తగ్గాయి. దీపం సన్నబడుతుంటే, ఇంకా ఎంతసేపు వెలుగుతుందే ఇది అని తనే విసుక్కుంది. కానీ ఊది ఆర్పలేదు. ఆంటీ ఆర్పమనలేదు.

దీపం దానంతట అదే కొండెక్కాక, అమ్మమ్మ చేతులు కడుక్కుని, పువ్వు తీసి, కళ్ళకద్దుకుని, ఆంటీ దోసిట్లో పెట్టింది. ప్రసాదమమ్మా, తీసుకో అంది. ఆంటీ కూడా కళ్ళకద్దుకున్నారు. తర్వాత అక్కడే, మా డైనింగు టేబులు మీద, పంటిపుల్లతో పువ్వు మధ్య స్తంభంలోంచి పసుపు రంగు చిన్న ముద్ద తీశారు. దాచడానికి పొడిగా ఉండే డబ్బా కావాలన్నారు. అమ్మమ్మ లోపలికి వెళ్ళి తన కుంకుమ భరిణె ఖాళీ చేసి, తుడిచి, తేమ పీల్చడానికి నాలుగు బియ్యపు గింజలు కూడా తానే వేసి తెచ్చింది. ఆ భరిణె మా ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన కూర్చుంది. రెండో పువ్వు విచ్చుకున్న పొద్దున ముగ్గురం కుండీ చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నాం. అమ్మమ్మ భూతద్దం పట్టుకుంది, నేను గాలి తగలకుండా గొడుగు పట్టుకున్నాను. ఆంటీ పంటిపుల్ల కొసకి పుప్పొడి ముద్ద అంటించి, పువ్వు లోపలి జిగురు మీద అద్దారు. పెళ్ళి చేసినట్టే ఉందే అంది అమ్మమ్మ. "మీరే కన్యాదానం చేస్తిరి గద పెద్దమ్మా" అన్నారు ఆంటీ. కోయడం గురించి ఆవిడ అన్న మాట అదొక్కటే.

పువ్వు వాడి, కాయ ఉబ్బింది. గింజలు గాలికి పోకుండా ఆంటీ టీ బ్యాగు ఖాళీ చేసి కాయకి తొడిగి దారం కట్టారు. పండాక ఆ ధూళిని సన్న ఇసుకలో కలిపి ఉంచి, శరదృతువులో అదే కుండీలో, తల్లి మొక్కల చుట్టూ, ఉప్పు చల్లినట్టు చల్లారు. ఆ ఏడాది దారాల్లాంటి ఆకులు మొలిచాయి. కొన్ని వేసవికి పోయాయి. కొన్ని లేచాయి. తల్లి మొక్కలు రెండూ తర్వాత ఒక చలికాలం లేవనే లేదు. మిగిలినవి ఆ పిల్లలే. అమ్మమ్మ తెనాలి నుంచి ఫోను చేస్తే నా మార్కుల కంటే ముందు వాటిని అడిగేది.

ఈ జూన్‌లో ఆంటీ ఆస్పత్రిలో చేరారు. కుండీలన్నీ నాకు అప్పగించారు, పెద్ద మాటలేమీ లేకుండా, షెడ్డు గొళ్ళెం ఎలా పైకి ఎత్తి లాగాలో మాత్రం చెప్పి. నేను ఈ ఏడాదే యూనివర్సిటీలో చేరాను. పొద్దున్నే నత్తలు ఏరి, నీళ్ళు చూసి, ట్రైను అందుకునేదాన్ని. ఆఖరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు ఆవిడకి మాట్లాడటం కష్టంగా ఉంది. ఎలా ఉన్నారు ఆంటీ అని నేను అడిగేలోపే ఆవిడ అడిగారు, సాలీడు ఆకులు ఎట్లున్నయని. ఒకదాని మొదట్లో చిన్న ఉబ్బు ఉందని చెప్పాను. అది ఆకు కావచ్చు, మొగ్గ కావచ్చు. ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు.

"ఏదైనా సరే. నువ్వైతే పో, చూడు" అన్నారు. నాకు మిగిలిన ఆఖరి మాట అది. చూస్తూ ఉండమని కాదు, బెంగపడొద్దని కాదు. పో, చూడు.

అంత్యక్రియలకి అందరూ గులాబీలు తెచ్చారు. నేను షెడ్డులోకి వెళ్ళి ముసుగు పువ్వు ఒకటి కోద్దామని కత్తెర పట్టుకుని నిలబడ్డాను. కోయలేదు. కోసుకెళ్తే ఆంటీ లేచి తిట్టేవారు. ఒట్టి చేతులతోనే వెళ్ళి దణ్ణం పెట్టాను.

ఆంటీ వాళ్ళబ్బాయిని నేను అన్నా అని పిలుస్తాను. ఇల్లు అద్దెకివ్వాలని ఈ వారమంతా ఇక్కడే ఉండి ఖాళీ చేస్తున్నాడు. పోయిన శనివారం క్లబ్బు వాళ్ళు వచ్చి కుండీలన్నీ తీసుకెళ్ళారు, మంచి చేతుల్లోకే వెళ్ళాయి. ఆంటీకి మొదటి పువ్వు చూపించిన పెద్దాయనే ఇప్పుడు చేతికర్రతో వచ్చాడు. సాలీడు కుండీని మాత్రం వద్దన్నాడు. ఈ దశలో దీన్ని గంట సేపు కారులో కుదపకూడదు, దగ్గర్లో ఎవరైనా చూసుకుంటే బతకొచ్చు అన్నాడు. ఆ ఎవరైనా నేనేనని నాకు తెలుసు. అన్నకి తెలియదు.

ఈ పొద్దున మొగ్గ చూసి నేను కుండీ ముందే కూర్చుని ఉండగా అన్న కాఫీ కప్పుతో బయటికి వచ్చాడు. రేపు మధ్యాహ్నం ఏజెంటు ఫొటోలు తీయడానికి వస్తాడని, అప్పటికి పెరడు ఖాళీగా ఉండాలని చెప్పాడు. కుండీ వంక చూశాడు. అతనికి కనిపించింది గడ్డిలాంటి నాలుగు ఆకులు.

"ఇదొక్కటే మిగిలిందా? దీన్ని గ్రీన్ బిన్‌లో వేసేద్దామా? లేదా టెనెంట్స్‌కి చెప్తే వాటర్ పోస్తారు."

"వేసవిలో కూడా పోస్తారన్నా. చచ్చిపోతుంది" అన్నాను. "ఒక్కసారి ఇక్కడ కూర్చో. మోకాళ్ళ మీద."

అన్న తన ప్యాంటు మోకాళ్ళు చూసుకున్నాడు. తర్వాత కప్పు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. కనపడట్లేదన్నాడు. ఇంకా వంగమన్నాను. వంగాడు. ఉన్నట్టుండి వేలు మొగ్గ దగ్గరికి తెచ్చి, తాకకుండా ఆపాడు. వాళ్ళమ్మ ప్రతి కాల్‌లోనూ దీని గురించి చెప్పేదని, తాను లాప్‌టాప్ చూసుకుంటూ యా, యా అనేవాణ్ణని, నేల వైపే ముఖం పెట్టి అన్నాడు. పెర్త్‌కి తీసుకెళ్దామంటే మట్టితో మొక్కని ఆ రాష్ట్రంలోకి రానివ్వరు.

లేచాక మాత్రం సూటిగానే అడిగాడు. "నీకు యూని ఉంది, అసైన్‌మెంట్స్ ఉంటాయి. రేపు జాబ్ వస్తే వేరే సిటీకి పోతావు. ఇది మొత్తం ఏడాది పని కదా. అమ్మ పేరు చెప్పి తీసుకుని, ఏదో ఒకరోజు వదిలేస్తే నాకు కష్టంగా ఉంటుంది. చచ్చిపోతే?"

"చచ్చిపోతే ముందు నీకే ఫోన్ చేసి చెప్తాను. దాచను" అన్నాను. "వేరే ఊరికి పోతే క్లబ్బులో తాతగారికి ఇచ్చి పోతాను. ఊరికే మాత్రం వదలను."

ఇంతకంటే మంచి మాటలు ఉండి ఉంటాయి. ఇప్పుడు రాస్తుంటే చాలా తోస్తున్నాయి. అప్పుడు నోటికి వచ్చినవి అవే, వాటికే నేను కట్టుబడాలి. ఎక్కడ పెడతావో చూపించు అన్నాడు అన్న.

చూపించాను. చోటు నిన్ననే సిద్ధం చేసుకున్నాను. కంచెకి మా వైపున పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నం నీడ వచ్చే మూల ఒకటే ఉంది, అక్కడ నాన్న బార్బెక్యూ పొయ్యి ఉండేది. ఒక్క కుండీ కోసం బార్బెక్యూని ఇంటి ముందు పెట్టుకుంటారా ఎవరైనా అని నాన్న అన్నారు, అంటూనే జరిపారు. ఇటుకల మీద చెక్క పరిచి, పైన వల కట్టాం. నత్తలు ఎక్కకుండా ఇటుకల చుట్టూ రాగి రేకు చుట్టాను. వాన నీళ్ళకి గొట్టం కింద డ్రమ్ము పెట్టాను. పెరుగు డబ్బా మూత కత్తిరించి చీటీ కూడా చేశాను. సాలీడు పువ్వు అని రాశాను. అక్షరాలు ఇప్పుడు వంకరగా లేవు.

మధ్యాహ్నం అమ్మమ్మకి ఫోను చేసి మొగ్గ సంగతి చెప్పాను. ఆమె ముక్కు చీది, "ఎవర్నీ కోయనివ్వకే" అంది. రేపు తనని కూడా వీడియోలో కూర్చోబెట్టాలట. ఆమె నాలుగింటికే లేస్తుంది, అంటే ఇక్కడ ఎనిమిదిన్నర. నా క్లాసు పదకొండుకి. సరిపోతుంది.

మొగ్గ తల తిప్పుకున్న వైపు మారితే కాడ మెలికపడి పువ్వు నలుగుతుందని ఆంటీ చెప్పేవారు. అందుకని ఇప్పుడే వెళ్ళి కుండీ అంచు మీద ఉత్తరం వైపు చాక్‌పీసుతో గీత గీసి వచ్చాను. రేపు పొద్దున ఎండ కంచె దాటకముందే అన్న అటువైపు నుంచి, నాన్న ఇటువైపు నుంచి ఊడిన చెక్కనీ దాని పక్క చెక్కనీ తీస్తారు. నేను కుండీని రెండు చేతులా ఎత్తి, కుదపకుండా, ఆ సందులోంచి దాటిస్తాను. గీతని ఉత్తరానికి తిప్పి చెక్క మీద దించుతాను. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం నేల దాకా వంచి, చూస్తాను.